వెలగకూడని చోట

మే 8, సోమవారం

డాక్టర్ దూన్యా ఈరోజు సారాయెవో నుంచి ఐస్ పెట్టెలో కొత్త కూలీలను తెచ్చింది. ఒక్కో డబ్బాలో ఎన్ని కోట్ల మంది ఉన్నారో ఆమెకే సరిగ్గా తెలియదట.

"ఇంతమందికి హెల్మెట్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్ డాక్టరమ్మా?" అన్నాడు రాద్మిలో.

డబ్బా మూత తీసి చూశాను. చేప గుడ్ల లాంటి జెల్లీ పూసలు. ఒక్కో పూసలో వేలకొద్దీ బాక్టీరియా. పాత మందుపాతర ఎంత గట్టిగా మూసి ఉన్నా దానిలోని పేలుడు మందు ఏళ్ళ తరబడి మట్టిలోకి ఆవిరిగా కారుతూనే ఉంటుందట. ఆ వాసన తగిలితే చాలు, ఇవి తమలో తాము ఒక పచ్చటి రంగు తయారు చేసుకుంటాయి. ప్రయోగశాలలో వాటి జన్యువుల రాతను అలా మార్చారు. నీలం దీపం వేసి, పసుపు కళ్ళజోడు పెట్టుకుని చూస్తే మెరుస్తాయి.

పదమూడేళ్ళుగా మందుపాతరల కోసం మోకాళ్ళ మీద పాకుతూ ఊచతో మట్టి గుచ్చుకుంటూ బతుకుతున్నదాన్ని. నా ఉద్యోగానికి పోటీగా వచ్చిన జీవిని ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదటిసారి. నాకు నచ్చాయి.

మే 9

దూన్యాను ప్రశ్నలతో చంపుకు తిన్నాను. నిద్రపోతాయా? పోవు. వాసన నచ్చుతుందా, భయమా? రెండూ కాదు. మరి ఎందుకు వెలుగుతాయి? "తలుపు తడితే నువ్వు తియ్యవూ, అలాగే" అంది. తలుపు తట్టినా తియ్యని ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయని చెప్పాను.

బయట వదిలితే పెరిగిపోయి ఊరిని మింగేస్తాయేమోనని కూడా అడిగాను. మట్టిలో దొరకని ఒక తిండి లేనిదే అవి బతకలేకుండా చేశారట. రెండు మూడు రోజుల్లో చస్తాయి. పని చెయ్యడం, చచ్చిపోవడం. పాపం అనిపించింది. రాద్మిలో మాత్రం "మనకీ అంతేగా" అన్నాడు.

రాద్మిలో మా బృందానికి పెద్ద. తొంభైల నాటి యుద్ధంలో ఎదుటి కొండ మీద, మా నాన్న వైపు తుపాకీ గురిపెట్టుకుని మూడేళ్ళు కూర్చున్నాడు. ఇప్పుడు ఇద్దరూ ఎదురుపడితే వానల గురించి మాట్లాడుకుంటారు.

మే 11

చలి. ఒక్కటీ వెలగలేదు. దూన్యా అన్నం ముట్టలేదు.

మే 15, సోమవారం

వెలిగాయి!

ప్లమ్ పండ్ల తోటలో. ఊళ్ళో ఇంకా మూసి ఉన్న చోటు అదొక్కటే. అక్కడ పాతినవి 'పాస్టెట్'లు. అంగట్లో దొరికే మాంసపు ముద్ద డబ్బా అంత ఉంటాయని సైనికులు వాటికి ఆ పేరు పెట్టారు. ఒళ్ళంతా ప్లాస్టిక్, అందుకే లోహం పసిగట్టే యంత్రం వాటి పక్కనుంచి గుడ్డిదానిలా వెళ్ళిపోతుంది. నిన్న గట్టు మీద నిలబడి ఊదే యంత్రంతో పూసలు చల్లాం. ఈరోజు పొద్దుగూకే వేళకి దీపం వేశాం. పచ్చటి మచ్చలు పద్నాలుగు. లెక్కపెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. యుద్ధకాలపు పటంలో ఉన్నవీ పద్నాలుగే.

ఆ పటం నాన్న గీసింది. ఈ వైపు సైన్యంలో మందుపాతరలు పాతే పని ఆయనది. కింద ఆయన సంతకం, మునిబ్ అని, బడిపిల్లాడి రాతలో.

ఇంటికి వచ్చి చెప్పాను. ఉల్లి మడిలో కలుపు తీస్తున్నాడు, తల ఎత్తలేదు.

"పద్నాలుగూ దొరికాయి నాన్నా. జానెడు తేడా లేదు."

"నేను లెక్క తప్పను."

"పురుగులు కూడా తప్పలేదు."

"ఏం పురుగులు?"

చెప్పాను. అంతా విన్నాడు. "ఎంత లోతుదాకా తెలుస్తుంది వాటికి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నాన్నకీ నాలాగే కుతూహలం. ఎన్నేళ్ళ పాతవైనా కనిపెడతాయా అని కూడా అడిగాడు.

మే 17

ప్రయోగానికి మందుపాతరలు లేని నేల కూడా ఒకటి కావాలట. అక్కడ ఏదీ వెలగకపోతేనే ఇక్కడ వెలిగినదాన్ని నమ్మాలి. ఎరువు పడని, దున్నని, మనుషులు తిరగని నేల అయితే మంచిదని దూన్యా అంది. కాగితాలు తిరగేసి తనే ఎంచుకుంది. మా ఇంటి దిగువన ఉన్న, మా పొరుగు రాబియా అత్త గడ్డిబీడు.

బీడు అత్తది కాదు, మా తాతదని నాన్న కోర్టులో ఇరవై ఆరేళ్ళుగా వాదిస్తున్నాడు. తీర్పు వచ్చినప్పుడల్లా పై కోర్టుకి వెళతాడు. చివరి తీర్పు రాలేదు కాబట్టి అత్త కొయ్యకూడదు. కొయ్యనివ్వడు, తనూ కొయ్యడు. అత్త మనవళ్ళు బంతి కోసం కంచె దాటితే కర్ర పట్టుకుని వెంటపడతాడు. నాన్న గడ్డి కోసం విధవరాలి ఉసురు పోసుకుంటున్నాడని ఊరంతా అంటుంది. నేనూ అన్నాను, మొహం మీదే అన్నాను. ఆశపోతు మనిషి. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

అత్త భర్త జాయిమ్ ఆ బీడులోనే పోయాడు, తొంభై ఏడులో, గడ్డి కోస్తూ. పైనుంచి మంచు కరిగిన నీళ్ళకి ఎక్కడిదో ఒక పాస్టెట్ కొట్టుకొచ్చి ఉంటుందన్నారు. తర్వాత ఏడాది ఒక కంపెనీ యంత్రాలతో వెతికి ఏమీ లేవని రాసిచ్చింది. కంపెనీ ఇప్పుడు లేదు, కాగితం ఉంది. ఆ రోజు అందరూ కంచె దగ్గరే ఆగిపోతే, లోపలికి పరిగెత్తి జాయిమ్‌ను భుజాన వేసుకొచ్చింది నాన్న. నాకప్పుడు పదమూడేళ్ళు. ఆశపోతే గానీ పిరికివాడు కాదు.

ఈరోజు దూన్యా కంచె ఎత్తి ఒక కాలు లోపల పెట్టిందో లేదో, నాన్న మెట్ల మీంచి అరుస్తూ దిగాడు. ఒక కాలికి చెప్పు లేదు.

"తియ్! కాలు తియ్! నా నేల ఇది!"

"శాంపిల్ కోసం బాబాయ్, ఒక్క పది నిమిషాలు..."

"పది నిమిషాల్లేవు, పది క్షణాల్లేవు! వెనక్కి రా, అడుగు పెట్టిన చోటే పెట్టుకుంటూ రా!"

రాద్మిలో దూన్యాను చెయ్యి పట్టి లాగాడు. నాన్న రొప్పుతున్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో గుప్పెడు గడ్డి కోసం ఇంత రంకెలా.

మే 18

లోపలికి వెళ్ళొద్దన్నాడుగా, వెళ్ళలేదు. నిన్న మధ్యాహ్నం ఆయన మసీదుకి వెళ్ళినప్పుడు రోడ్డు మీద నిలబడి పూసలు ఊదాం. ఊదింది నేనే.

సాయంత్రం దీపం వేశాం. ఖాళీ బీడు కదా అని రాద్మిలో కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

మూడు వెలిగాయి.

"నీ పురుగులు అబద్ధాలు నేర్చాయి డాక్టరమ్మా" అన్నాడు రాద్మిలో.

దూన్యా ఏడుపు ముఖం పెట్టింది. ఖాళీ నేల మీద వెలిగితే ఆరేళ్ళ పని బుట్టదాఖలు. తోటలో దొరికిన పద్నాలుగూ గాలివాటమే అంటారు.

మే 19

ఎరువు అయ్యుంటుంది, దాని వాసనకీ ఇవి మోసపోవచ్చట. జాయిమ్ ఎరువు వేసి ఉంటాడు.

మే 20

ఇరవై ఆరేళ్ళ కిందటి ఎరువు.

మే 22, సోమవారం

ఎరువు కాదు.

రోడ్డు వైపు నుంచి దారి శుభ్రం చేసుకుంటూ మూడు గంటలు పాకాను. మొదటి వెలుగు ఉన్న చోట ఊచ మెత్తగా ఆగింది. వేళ్ళతో మట్టి తోశాను. పాస్టెట్, మూతి మీద నక్షత్రం లాంటి మీట, చెక్కు చెదరలేదు. దాని మీద పూస ఒకటి అంటుకుని ఉంది. బతికి ఉందో లేదో తెలియదు గానీ దానితో "భేష్" అన్నాను.

దూన్యా రోడ్డు మీద గంతులు వేసింది. అబద్ధం చెప్పింది పురుగులు కాదు, కాగితం.

రాద్మిలో మాత్రం నవ్వలేదు. "కొండ దిగి ఇక్కడిదాకా వచ్చారా మావాళ్ళు? నాకు తెలీదే" అన్నాడు.

వాళ్ళే అయ్యుంటారు. వాళ్ళు కాక ఎవరు?

మే 23

మిగతా రెండూ దొరికాయి. వాళ్ళే.

మే 24

దూన్యా దూరాలు కొలిచింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య రెండు మీటర్ల అరవై. రెండోదానికీ మూడోదానికీ ఐదు మీటర్ల ఇరవై. ఆ ఐదు మీటర్లకీ సరిగ్గా మధ్యలో నేల కొంచెం గుంటగా ఉంది. అది జాయిమ్ పోయిన చోటు. అంటే నీళ్ళకి కొట్టుకొచ్చింది కాదు, వరుసలో ఒకటి.

"తోటలో ఉన్న దూరమే ఇక్కడా ఉంది షెవాలా, చూశావా? రెండు అరవై."

"సైన్యంలో అందరికీ ఒకటే పాఠం" అన్నాను.

"మాకు చెప్పింది అంగలతో. ఎవడి అంగ వాడిది" అన్నాడు రాద్మిలో, టీ ఊదుకుంటూ.

ఇంటికొచ్చేసరికి నాన్న ఉల్లినారుకి కొత్త మళ్ళు గీస్తున్నాడు. మడమకి వేళ్ళు తగిలేలా బూటు ముందు బూటు వేస్తూ కొలుస్తాడు, ఎప్పుడూ అంతే. తొమ్మిది బూట్లు, ఒక పుల్ల. తొమ్మిది బూట్లు, ఒక పుల్ల. ఆయన లోపలికి వెళ్ళాక టేపు తీసుకెళ్ళి కొలిచాను. ఎంత వచ్చిందో రాయడం అనవసరం.

మే 25

తొంభై ఏడు జూన్. కొడవలి చప్పుడు ఆగింది, తర్వాత పేలింది అని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. పేలాకే కదా ఆగేది. గుర్తుంచుకోవడంలో కూడా ముందూ వెనకా చేస్తాం.

నాన్న లోపలికి పరిగెత్తాడు. ఇది నిజం. కానీ తిన్నగా పరిగెత్తలేదు. ఎడమవైపు హేజెల్ పొదల వెంబడి కిందిదాకా పోయి, అక్కడ అడ్డంగా తిరిగి, జాయిమ్ దగ్గరకి వచ్చాడు. మోసుకుని మళ్ళీ అదే దారిన, అలాగే చుట్టూ తిరిగి వచ్చాడు. మనిషి నెత్తురు కారి పోతుంటే ఎవరైనా దగ్గరి దారిన వస్తారు. ఇరవై ఆరేళ్ళుగా నేను దీన్ని ధైర్యం కింద జమకట్టి చెబుతున్నాను. బడిలో వ్యాసం కూడా రాశాను. మొదటి బహుమతి ఇచ్చారు.

ఆశపోతు అనుకోవడమే నాకు తేలికగా ఉండింది. ఆశపోతు కూతురిగా ఊళ్ళో తిరగొచ్చు.

మే 26, శుక్రవారం

ఈ పొద్దున రాద్మిలో ఎవరికీ చెప్పకుండా రాబియా అత్త ఇంటికి వెళ్ళాడు. పెట్టెలు మోసుకుంటూ తెరిచిన కిటికీ లోంచి చూశాను. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"మావాళ్ళు పాతారమ్మా. ఎవరో తెలీదు. తెలిసుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు."

అత్త ఆయనకి కాఫీ పోసింది. తాగాడు. చెయ్యని పనికి తల దించుకుని, కప్పు అడుగుదాకా తాగాడు.

నేను పెట్టె కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

నాన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నిలబడి అడిగాను. ఎలా మొదలుపెట్టాలా అని దారి పొడుగునా అనుకున్న మాటలేవీ రాలేదు.

"ఎన్ని పాతావు?"

ఏం అడుగుతున్నానో తెలియనట్టు నటించలేదు. అందుకు మాత్రం సంతోషించాను.

"ఐదు."

"ఎందుకు?"

"రాబియా వాళ్ళు ఊరొదిలి పోయారు. కింద అంతా ఖాళీ. రాత్రి ఎవరైనా ఎక్కి వస్తే మొదట తగిలేది మనిల్లు. నేను కందకంలో, మీ అమ్మా నువ్వూ ఇక్కడ. పెట్టెలో ఐదు మిగిలాయి."

"పటంలో ఎందుకు వెయ్యలేదు?"

"సొంత ఇంటికి వాడుకున్నవి సైన్యం పటంలో ఎలా వేస్తారే?"

నవ్వొచ్చింది నాకు. నిజంగా నవ్వాను, తర్వాత ఆపుకోలేక ఏడ్చాను. ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు, అప్పజెబుతున్నట్టు. రాబియా వాళ్ళు తిరిగొస్తున్నారని తొంభై ఏడు మేలో తెలిసింది. ఇక్కడ గడ్డి కోత జూలైలో. ఈలోగా తీద్దామని అనుకున్నాడు. కానీ జాయిమ్‌కి ఒక సహాయ సంస్థ ఆవునిచ్చింది. ఇంట్లో గుప్పెడు మేత లేదు. జూన్‌లోనే కొడవలి పట్టుకుని దిగాడు.

"రెండు వారాలు. రెండు వారాలు తేడా పడింది షెవాలా."

"తర్వాతైనా?"

"తర్వాత తెల్లారగట్ల పాకి వెళ్ళాను. చివరిది ఒకటి తీశాను. రెండోదానికి చెయ్యి వణికింది. మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళినా వణికేది. ఇక ఎవర్నీ అందులో కాలు పెట్టనియ్యకూడదు, అంతే. దావా వేశాను."

"చెప్పొచ్చుగా! ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు ఎవరి కూతురివయ్యేదానివి?"

ఆయన కోసం కాదు, నాకోసమట. పాతిందీ నాకోసం, దాచిందీ నాకోసం. ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంత జాలి కూడా రాలేదు. రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలియక కోళ్ళకి మేత వేశాను.

దొరికినవి మూడు, జాయిమ్‌ది ఒకటి, నాన్న తీసింది ఒకటి. ఐదు. లెక్క సరిపోయింది. కానీ ఆ లెక్కకి సాక్షి ఆయన నోరొక్కటే.

మే 27

ముందు రాద్మిలోకి చెప్పాను. చాలాసేపు బూటు తాళ్ళు కట్టుకున్నాడు. "ఆ కాఫీ బాగుంది" అన్నాడు చివరికి. "ఈసారి వెళ్ళి మీరు చెప్పండి, నువ్వూ మీ నాన్నా." రిపోర్టులో 'పాతినవారు' అన్న గడిలో నాన్న పేరు నేనే రాశాను. పక్కన నా సంతకం.

మధ్యాహ్నం నాన్నను తీసుకుని వెళ్ళాను. ఆయన గడ్డం గీసుకుని కోటు వేసుకున్నాడు. గుమ్మంలోనే నిలబడి, రాబియా అత్త కూర్చోమనేలోగా చెప్పేశాడు. ఒక్క మాట తగ్గించలేదు.

అత్త చేతులకి పితా రొట్టె పిండి ఉంది. తుడుచుకోలేదు.

"కోర్టులో నన్ను దొంగన్నావు."

"అన్నాను వదినా."

"ఇరవై ఆరేళ్ళు."

"అన్నాను."

"నా మనవడికి కర్ర చూపించావు. వాడు నిన్ను చూస్తే ఇప్పటికీ మంచం కిందికి దూరతాడు."

"దూరనీ అనుకున్నాను. బీడులోకి రాకుండా ఉంటే చాలనుకున్నాను."

"నువ్వే కదా ఆయన్ను మోసుకొచ్చింది. ప్రతి పండక్కీ నీకోసం దువా చేశాను మునిబ్! దావా వేసిన ఏడు కూడా చేశాను!"

నాన్న "వదినా" అనబోయాడు.

"మాట్లాడకు. ఇదంతా నేను ఏం చేసుకోవాలో నాకు తెలీదు. పోలీసుల దగ్గరకి పోతానో పోనో కూడా తెలీదు. ముందు నాకు నా బీడు కావాలి."

మే 29

నాన్న దావా వెనక్కి తీసుకున్నాడు. గుమాస్తా రెండుసార్లు అడిగాడట, ఖాయమేనా అని.

జూన్ 12

ఆయన మాట మీద వదిలెయ్యలేదు. బీడంతా మోకాళ్ళ మీద పాకాం, జానెడు జానెడు. రెండోసారి పూసలు కూడా చల్లాం. ఏమీ వెలగలేదు. ఐదో చోటు ఎక్కడ ఉండాలో అక్కడ నేనే తవ్వాను. మట్టీ, వానపామూ. వానపామును చూసి ఎప్పుడూ అంత ఊపిరి పీల్చుకోలేదు.

దూన్యా సారాయెవో వెళ్ళిపోయింది. పురుగులు ఏం వాసన చూశాయో వాటికి తెలియదు కదా అని వెళ్ళేముందు మళ్ళీ అడిగాను. "తెలియదు" అంది. అదృష్టవంతులు.

జూన్ 21, బుధవారం

బీడు అప్పగింత. నేల శుభ్రమైందని కాగితం ఇస్తే సరిపోదు మా పనిలో. తవ్వినవాళ్ళమే భుజం భుజం కలిపి, యజమాని చూస్తుండగా, నేల ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడవాలి. అప్పుడే నమ్ముతారు. ఆరుగురం కవచాలు విప్పేసి వరుసగా నిలబడ్డాం.

రాబియా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొద్దు. ఆయన్ని నడవమనండి."

నాన్న రోడ్డు మీద, అందరికీ వెనక నిలబడి ఉన్నాడు. ఊరు సగం వచ్చింది. రాద్మిలో నా వైపు చూశాడు. నేల శుభ్రంగా ఉందని అందరికన్నా నాకే బాగా తెలుసు, అయినా విప్పిన కవచం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

నాన్న కంచె దాటాడు. హేజెల్ పొదల వైపు తిరగలేదు. తిన్నగా నడిచాడు, నడుము దాకా గడ్డిలో. మొదటి చోటు దాటాడు. రెండోది దాటాడు. గుంట దగ్గర ఆగిపోయాడు.

ఎంతసేపటికీ కదల్లేదు. నేను కంచె మీద చెయ్యి వేశాను. అంతలో రాబియా అత్త నన్ను పక్కకి నెట్టి, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బీడులోకి దిగింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. గడ్డి చేత్తో తోసుకుంటూ, ఆయన దగ్గరదాకా వెళ్ళింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

"అయితే జరుగు. అక్కడ నేను నిలబడాలి."

నాన్న జరిగాడు.